వలసకు రెండు పేర్లు

తెలుగులో ఊరు విడిచి పోయినోళ్లకు రెండు పేర్లున్నయి. డిగ్రీ కాగితం పట్టుకుని విమానం ఎక్కితే ప్రవాసి. పలుగు, పార పట్టుకుని లారీ ఎక్కితే వలస కూలి. ఇద్దరూ బతుకుదెరువు కోసమే పోయిండ్రు. ఇద్దరూ ఇంటికాడ ముసలోళ్లను ఇడిసిపెట్టే పోయిండ్రు. పండుగకు రాలేకపోతే ఇద్దరికీ ఏడుపే వస్తది. కానీ ఒకరి ఏడుపు ప్రవాస సాహిత్యం అయితది, ఇంకొకరి ఏడుపు జిల్లా పేజీల కరువు వార్త అయితది. ఈ తేడా ఏ నిఘంటువూ పెట్టలేదు, కులం పెట్టింది. మన సాహిత్య విమర్శ ఇన్నేండ్లు దీన్ని చూసీ చూడనట్టే పోయింది.

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో సర్కారు బడి పంతులును. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. మా అమ్మా నాయినా ఇరవై ఏండ్లు గుంపుల పోయిండ్రు. నేను నాయినమ్మ దగ్గర, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టల్ల పెరిగిన. 2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా క్లాసుల కూసున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఇంకా పూణె, బెంగుళూరు దిక్కు పనికి పోతున్నరు. అదే క్లాసుల చదివిపోయిన పిల్లలు కొందరు అమెరికా, జర్మనీ మాట మాట్లాడుతున్నరు. అంటే రెండు పేర్ల వలస ఇప్పుడు ఒకే వాడల, ఒక్కోసారి ఒకే ఇంట్ల ఉన్నది. తండ్రి వలస కూలి, కొడుకు ప్రవాసి కావాలని చూస్తున్నడు. ఈ కొడుకు కథను సాహిత్యం ఎక్కడ పెడుతుంది? అతని ఎదుగుదలను దేనితో కొలుస్తుంది? ఈ రెండు ప్రశ్నల కోసమే ఈ వ్యాసం.

ముందు లారీ ఎక్కినోళ్ల సంగతి. ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అంటున్న జిల్లాలు 2016 అక్టోబర్ దాకా ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. జనం నోట్లో అది పాలమూరు. దేశంలో యాడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ కావాలని కాంట్రాక్టర్లు వెతుక్కునేటోళ్లు. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ కాడ మావోళ్లే తట్ట మోసిండ్రు. 1963లో మొదలైన శ్రీశైలం కాడా మావోళ్లే. కృష్ణ, తుంగభద్ర రెండూ మా జిల్లా పొంటే పారినయి, కానీ ఏండ్ల తరబడి మా చేన్లకు ఎక్కలేదు. శ్రీశైలం నిండినప్పుడు, 1981లో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊర్లు మునిగినయి. కొల్లాపూర్, అలంపూర్ దిక్కు జనం ఇండ్లూ పొలాలూ పోయి రోడ్డు మీద నిలబడ్డరు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చిండ్రు. ఆ జీవో కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వయసు దాటిపోయినోళ్లు ఎందరో.

ఈ వలసకు ఒక యంత్రాంగం ఉన్నది. దాని పేరు గుంపు మేస్త్రీ. పండుగ ముంగట, పెండ్లి ముంగట, చేతుల పైసా లేనప్పుడు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తడు. మొగుడూ పెండ్లాం కలిసి పోవాలె, అట్లయితేనే లెక్క. పోయినంక ఆ అడ్వాన్సు తీరేదాక తిరిగి రావొద్దు. లెక్క మేస్త్రీ నోట్ల ఉంటది, కూలి చేతుల ఉండదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలె, కూలికి ఫోటోతో పాసుబుక్కు ఇయ్యాలె, పోను రాను ఖర్చు ఇయ్యాలె అని అందులో రాసిండ్రు. మా అమ్మను అడిగిన, ఆ బుక్కు నువ్వెప్పుడన్న చూసినవానె అని. "మాకు బువ్వ తినే తీరికనే లేకుండె కొడుకా, బుక్కు యాడిది" అన్నది.

ఈ మనుషుల మీద తెలుగులో కథలూ కవితలూ తక్కువేం రాలేదు. వాటిల్ల ఎక్కువ భాగం ఒక్క తీరుగనే ఉంటయి. ఎండిన చెరువు, తాళమేసిన ఇల్లు, అరుగు మీద ముసలవ్వ. కూలికి పేరుండదు, ఉన్నా ఇంటిపేరు ఉండదు, కులం అసలే ఉండదు. కరువొచ్చింది కాబట్టి పోయిండని రాస్తరు. కరువు ఊరందరికీ వచ్చింది కదా, మరి పటేలు లారీ ఎందుకు ఎక్కలేదు? ఈ ఒక్క ప్రశ్న వేస్తే ఆ కథల్ల సగం నిలబడవు. గుంపుల పోయినోళ్లు మాదిగలు, మాలలు, లంబాడోళ్లు, భూమి లేని బీసీ కులాలోళ్లు. వాన కురవకపోవడం ప్రకృతి కావచ్చు. భూమి లేకపోవడం ప్రకృతి కాదు. దాన్ని ప్రకృతి లెక్క రాసిన సాహిత్యం మాకు జాలి ఇచ్చింది, న్యాయం ఇయ్యలేదు. తెలకపల్లి దిక్కు గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న లాంటోళ్ల పాటల్ల మాత్రం ఈ జనానికి నడక ఉన్నది, ఎగతాళి ఉన్నది, సొంత మాట ఉన్నది. ఆయన 'వల్లంకి తాళం'కు 2021లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చినంక పొగిడినోళ్లల్ల ఎందరు ఆ పాటను వలస మీద విమర్శగా చదివిండ్రో చెప్పుడు కష్టం.

ఇగ విమానం ఎక్కినోళ్ల సంగతి. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చింది. దేశాలవారీ పాత కోటాలు పోయి, చదువు, నైపుణ్యం ఉన్నోళ్లకు తలుపు తెరుచుకున్నది. మన డాక్టర్లు, ఇంజనీర్లు అప్పుడు పోవుడు మొదలుపెట్టిండ్రు. 1977 నాటికి అక్కడ తానా అనే తెలుగు సంఘం పెట్టుకునేంత మంది అయిండ్రు. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది, దాని వెనుక కంప్యూటర్ పనులు వచ్చినయి, ఊరూరికీ ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చినయి. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగే, 86 శాతం పెరిగిందని అక్కడి సర్వే లెక్కలు చెప్పినయి. మనోళ్లంతా చప్పట్లు కొట్టిండ్రు. ఆ చప్పట్లల్ల ఒక ప్రశ్న వినపడలేదు. తెలుగు పెరిగింది సరే, ఏ తెలుగు? అమెరికాలోని భారతీయుల్లో దళితులు, కింది కులాలోళ్లు కలిసి ఒకటిన్నర శాతమే అని 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అధ్యయనం చూపింది. నూటికి తొంబై మందికి పైగా అగ్రకులాలు, ఆధిపత్య కులాలు.

ఇది తెలివి తేడా అని కొందరు నమ్ముతరు. నేను లెక్కలు చెప్పే పంతులును కాబట్టి లెక్కనే చెప్త. కాలువ నీళ్లు పారిన భూమి ఉన్నోనికి పంట మిగులు ఉంటది. ఆ మిగులు పట్నంల ఇల్లు అయితది, కాన్వెంటు ఫీజు అయితది, మెడికల్ కాలేజీ సీటు అయితది, చివరికి విమానం టికెట్ అయితది. ఆ కాలువ తవ్వింది ఎవరు? పాలమూరు లేబర్. ఒక వలస కూలి చెమట ఇంకొక ప్రవాసి ప్రయాణానికి పెట్టుబడి అయింది. రెండు వలసలకూ మధ్యల ఇంత గట్టి లంకె ఉన్నది. అయినా సాహిత్య చరిత్రల వీటిని రెండు వేర్వేరు అధ్యాయాలల్ల పెట్టిండ్రు.

ప్రవాస కథ తెలుగులో ఒక శాఖగా నిలబడ్డది. వంగూరి ఫౌండేషన్ 1995 నుంచి 'అమెరికా తెలుగు కథానిక' సంకలనాలు వేసింది. ఈ శాఖలో మంచి కథలు లేవని నేను అనను. ఒంటరి తల్లిదండ్రులు, తెలుగు మర్చిపోయిన పిల్లలు, మంచులో మొదటి చలికాలం, ఉద్యోగం పోయిన రాత్రి, ఇవన్నీ నిజాలే. తెల్లోడు తక్కువ చూపు చూస్తే ఎట్లుంటదో కూడా రాసిండ్రు. మావోళ్లు చదవాల్సింది ఆ చోటనే. చర్మం రంగు చూసి పక్కకు జరిగితే అవమానం అని అక్కడ తెలిసిన మనిషికి, ఊర్ల తన ఇంటి ముంగట మా నాయిన చెప్పులు చేతుల పట్టుకుని ఎందుకు నిలబడ్డడో గుర్తుకు రావాలె కదా? చాలా కథల్ల గుర్తుకు రాలేదు. అక్కడి అవమానం అవమానంగనే ఉన్నది, ఇక్కడిది మాత్రం ఊరి జ్ఞాపకం కింద, పెరటి మల్లెచెట్టు కింద దాక్కున్నది.

దీన్ని ఇంకొక దేశం సాహిత్యం పక్కన పెట్టి చూస్తే బాగ అర్థమైతది. వెస్టిండీస్ అంటే మా పిల్లలకు క్రికెట్టే తెలుసు. ఆ దీవులకు ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చిండ్రు. బానిసత్వం రద్దయినంక మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించి చెరుకు తోటలకు పంపిండ్రు, మద్రాసు రేవు నుంచి కూడా. ఆ జనం పిల్లలకు పైకి వచ్చే దారి ఒక్కటే, బ్రిటిషోడు పెట్టిన బడి. బాగ చదివినోళ్లు 1948 జూన్ 22న ఇంగ్లండుల దిగిన 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ కాలం నుంచి అటు పోయిండ్రు. నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు. బ్రిటిష్ గయానాలో పుట్టిన ఇ.ఆర్. బ్రైత్‌వైట్ యుద్ధంల బ్రిటిష్ వాయుసేనల పనిచేసిండు, కేంబ్రిడ్జ్‌ల చదివిండు. ఇంజనీరు ఉద్యోగాలకు పోతే నల్లోడని తిప్పి పంపిండ్రు. చివరికి లండన్‌ల పేదల వాడల బడి పంతులయ్యిండు. ఆ బతుకునే 1959లో 'టు సర్, విత్ లవ్' అని రాసిండు. 1967లో సిడ్నీ పాటియే హీరోగా అది సినిమా అయ్యింది. అదే గయానా నుంచి పోయిన బెరిల్ గిల్‌రాయ్ శిక్షణ పొందిన టీచరే. లండన్‌ల టీచరు పని దొరకక ఫ్యాక్టరీల, ఇండ్లల్ల పనిచేసింది. తర్వాత బడిల చేరి హెడ్‌టీచర్ దాకా ఎదిగింది. 1976లో 'బ్లాక్ టీచర్' రాసింది.

ఇద్దరూ పంతుళ్లే కాబట్టి నాకు దగ్గరోళ్లు. కానీ ఇద్దరి పుస్తకాలు ఒక్క తీరుగ లేవు. బ్రైత్‌వైట్ కథల పంతులు మర్యాదగా ఉంటడు, శుభ్రమైన సూటు వేస్తడు, తెల్ల పిల్లలకు మర్యాద నేర్పి గెలుస్తడు. మర్యాదతో గెలవచ్చు అనే నమ్మకం మీద ఆ పుస్తకం నడుస్తది. దళిత ఉద్యోగి కూడా ఇట్లనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, శుద్ధ తెలుగు మాట్లాడి, ఎవ్వరినీ నొప్పించకుండ గెలవాలని చూస్తడు. గిల్‌రాయ్ ఆ మర్యాదకు లొంగలేదు. స్టాఫ్‌రూముల ఎవరు పక్కన కూసున్నరు, ఎవరు కూసోలేదు అనేది ఆమె మర్చిపోలేదు. మనకు పనికొచ్చే పుస్తకం ఆమెదే. ఇంకొక సంగతి. చిన్నప్పుడు ఆ దీవుల నుంచి పోయి బ్రిటన్‌ల డెబ్బయేండ్లకు దగ్గరపడ్డోళ్లను కూడా కాగితాలు చూపమని వేధించిన ముచ్చట 2018లో బయటపడ్డది. కొందరిని దేశం నుంచే వెళ్లగొట్టిండ్రు. ఎక్కిన మెట్టు మీద నుంచి ఎప్పుడైనా దించొచ్చు అని దాని అర్థం.

ఇప్పుడు తేడా చూడండి. వెస్టిండియన్ చదువరి తన దీవిల కొంత పెద్దమనిషి, లండన్‌ల దిగినంక కిందికి పడ్డడు. ఆ పతనమే ఆయన సాహిత్యానికి కండ్లు ఇచ్చింది. మన అగ్రకుల ప్రవాసి ఇక్కడా పెద్దమనిషే, అక్కడ కొంత తగ్గినా ఇక్కడి పెద్దరికం డాలర్లతో రెట్టింపైతది. అందుకే అతని సాహిత్యానికి ప్రశ్న పుట్టలేదు, బెంగ పుట్టింది. దళితుడు ఈ రెండిటికీ అవతల ఉన్నడు. అతను పోకముందే కింద ఉన్నోడు. పోయినంక పైకి వస్తడా లేదా అన్నది డిగ్రీ ఒక్కటే తేల్చదు.

దీన్ని అందరికంటే ముందు రాసింది బాబాసాహెబ్. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అంబేడ్కర్ న్యూయార్క్ కొలంబియాకు పోయిండు. అక్కడి నుంచి లండన్ పోయిండు. 1917లో తిరిగొచ్చి, ఒప్పందం ప్రకారం బరోడాల కొలువుకు పోతే ఆయనకు ఉండేందుకు రూము దొరకలేదు. పార్శీల సత్రంల పార్శీ పేరు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కట్టెలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టిండ్రు. పార్కుల చెట్టు కింద కూసుండి రాత్రి బండికి బొంబాయి పోయిండు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఆయన ఇది రాసిండు. ఆయన బతికుండగ రాసిన ఆ చిన్న పుస్తకం 1990లో గానీ అచ్చు కాలేదు. పేరు చూడండి. అమెరికా, ఇంగ్లండు రెండూ చూసొచ్చిన మనిషి వీసా కోసం ఎదురుచూసింది సొంత దేశంల. దళిత ప్రవాస సాహిత్యానికి మొదటి పుస్తకం ఏది అని నన్నడిగితే నేను ఇదే చెప్త. ఇందులో పోవుడు చిన్న సంగతి, రావుడు పెద్ద సంగతి. ఊరు ఒప్పుకోని ఎదుగుదల గాలిల మేడ అని ఇది చెప్తది.

1917 అయిపోయిందనుకునేటోళ్లు మండల కేంద్రాల్ల ఇల్లు కిరాయికి అడిగి చూడాలె. నాకు పోస్టింగు వచ్చినంక ఒక ఊర్ల ఐదు ఇండ్లు చూసిన. "సార్ ఏం సబ్జెక్టు?" అని మొదట అడిగిండ్రు. రెండో ప్రశ్న "మీదేం ఇంటిపేరు సార్?" మూడో ప్రశ్న "మీరేమిట్లు?" మూడో జవాబు తర్వాత ఒకాయనకు తమ్ముడు దుబాయి నుంచి వస్తున్నడని యాదికొచ్చింది, ఇంకొకామెకు ఆ రూముల వడ్లు పోసుకోవాలని యాదికొచ్చింది. అదే వీధిల నన్ను సార్ అనే అన్నరు, దండం కూడా పెట్టిండ్రు. నెల జీతం, సార్ అనే పిలుపు, ఇంట్లకు రానీయని గడప మూడూ ఒకే రోజు ఒకే మనిషికి దొరుకుతయి. సామాజిక చలనశీలత అని యూనివర్సిటీ పాఠాల్ల చెప్పే పెద్దమాటను మేం ఇట్ల చదువుకున్నం.

మా తెలంగాణ నుంచే ఇంకొక పుస్తకం ఉన్నది. వై.బి. సత్యనారాయణ ఇంగ్లిష్‌ల రాసి 2011లో వచ్చిన 'మై ఫాదర్ బాలయ్య', తెలుగులో 'మా నాయన బాలయ్య'. కరీంనగర్ దిక్కు వంగపల్లి నుంచి ఒక మాదిగ కుటుంబం ఊరి వెట్టి విడిచి రైల్వేలకు పోతది. బాలయ్య రైల్వేల చిన్న కొలువు చేసి కొడుకులను చదివిస్తడు, వాళ్లు ప్రొఫెసర్లయితరు. ఈ వలసను ఏ పేరుతో పిలుద్దాం? విమానం లేదు కాబట్టి ప్రవాసం కాదు. అడ్వాన్సు లేదు, మేస్త్రీ లేడు కాబట్టి మన కథకులు రాసే వలసా కాదు. దొర చేతి గింజల మీద బతికే మనిషి ఒకటో తారీఖు జీతం మీద బతికే మనిషి అయిండు. అసలు మార్పు అక్కడ జరిగింది. రైల్వే క్వార్టర్ల కులం మాయం కాలేదు. కానీ అక్కడ దొర లేడు, వెట్టి లేదు, పిల్లగాన్ని బడి మాన్పించి గొడ్ల కాడికి పంపుమనేటోడు లేడు. ఒక తరానికి కాదు, మూడు తరాలకు ఆ ఇల్లు ఎక్కింది. మనోళ్ల ఎదుగుదలకు పట్టే నిజమైన టైము అంత. ఒక ఇంటర్వ్యూ, ఒక ప్యాకేజీ అని పేపర్ల వేసే విజయగాథల ఈ టైము కనపడదు.

సుజాత గిడ్ల రాసిన 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్' 2017లో న్యూయార్క్‌ల అచ్చయింది. ఆమె కాకినాడల పెరిగిన దళిత క్రైస్తవ స్త్రీ. వరంగల్ ఆర్ఈసీల చదివింది, మద్రాసు ఐఐటీల పరిశోధన చేసింది, 26 ఏండ్లకు అమెరికా పోయింది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పని చేసింది. ఆర్థిక మాంద్యంల ఆ పని పోయినంక న్యూయార్క్ మెట్రో రైల్ల కండక్టరు అయింది. మామూలు ప్రవాస కథల లెక్క ప్రకారం ఇది ఎక్కుడు కాదు, దిగుడు. ఆమె పుస్తకం ఆ లెక్కనే పట్టించుకోదు. అమెరికా గొప్ప, అమెరికా కష్టం రెండూ అందులో తక్కువే. పుస్తకమంతా తల్లి మంజుల, మేనమామ సత్యమూర్తి. సత్యమూర్తి అంటే శివసాగర్, 1980లో పీపుల్స్‌వార్ పెట్టినోళ్లల్ల ఒకరు, దళిత కవి. ఇక్కడున్నప్పుడు వట్టి బతుకుగా ఉన్నది, అక్కడికి పోయి చెప్తే కథ అయిందని ఆమె అంటది. అగ్రకుల ప్రవాసి దూరం పోయి ఊరిని ముద్దు చేస్తడు. ఆమె దూరం పోయి ఊరిని విచారణకు నిలబెట్టింది. దూరాన్ని ఇట్ల వాడుకునుడు మనం నేర్చుకోవాలె. ఒక్క ఫిర్యాదు ఉన్నది. ఆ పుస్తకం ముందు ఇంగ్లిష్ పాఠకుని కోసం పుట్టింది. అచ్చంపేట డిగ్రీ కాలేజీల చదివే పిల్లకు అది ఇంకా దూరంగనే ఉన్నది. తప్పు ఆమెది కాదు. ఇట్లాంటి కథలు తెలుగులో ముందు రాయమని అడిగే పత్రిక, అచ్చేసే ప్రచురణకర్త ఎందరున్నరు?

అక్కడికి పోతే కులం పోతదా అంటే, అదీ లేదు. 2020 జూన్‌ల కాలిఫోర్నియా పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. అక్కడి దళిత ఇంజనీరును అగ్రకుల భారతీయ మేనేజర్లు వివక్షతో చూసిండ్రని ఆరోపణ. 2023ల ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఎత్తేసిండ్రు, కంపెనీ మీద నడిచింది. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాల అట్ల చేసిన మొదటి నగరం అదే. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఇట్లాంటి బిల్లు పాస్ చేస్తే అక్టోబర్‌ల గవర్నర్ వీటో చేసిండు. బిల్లు వద్దని గట్టిగ కొట్లాడినోళ్లల్ల మన దేశం నుంచి పోయినోళ్ల సంఘాలే ఉన్నయి. కులమే లేదన్నోళ్లకు కులం మీద చట్టం వస్తే భయమెందుకు?

ఇగ మా బడి పిల్లల సంగతికి వస్త. డిగ్రీ అయిన పిల్లలు వచ్చి "సార్, ఎంఎస్ కు పోవాల్నని ఉంది" అంటరు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ పేరు మీద విదేశీ విద్యానిధి ఉన్నది, ఇరవై లక్షల దాక ఇస్తరు. అది చాలా మందికి నిజంగ దారి అయింది. కానీ ముందు అడ్మిషన్ రావాలె, ఇంగ్లిష్ పరీక్ష రాయాలె, దానికి కోచింగ్ కావాలె, వీసా ఇంటర్వ్యూల బ్యాంకు బ్యాలెన్సు చూపాలె, సర్కారు పైసలు వచ్చేదాక ముందుగాల కట్టేందుకు ఎవరన్న అప్పియ్యాలె. ఎకరం భూమి ఉన్నోడు ఎకరం అమ్ముతడు. మాకు అమ్మేందుకు ఏమున్నది? అక్కడ కన్సల్టెన్సీ వస్తది, వడ్డీ వస్తది. నాకు గుంపు మేస్త్రీ యాదికొస్తడు. అడ్వాన్సు తీసుకుని పోయిన కూలి లెక్క తీరేదాక రాలేడు. అప్పు చేసి ఎంఎస్ కు పోయిన పిల్లగాడూ రాలేడు. కూలి ఒక్క మేస్త్రీ కిందనే పనిచేయాలె. హెచ్-1బి మీద ఉన్నోడు పని పోతే అరవై దినాలల్ల ఇంకొక కంపెనీ చూసుకోవాలె, లేకుంటే దేశం విడవాలె. 2025 సెప్టెంబర్‌ల కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు అని అమెరికా అధ్యక్షుడు ప్రకటిస్తే తెలుగు టీవీలన్నీ రాత్రంతా ఏడ్చినయి. 2020 లాక్‌డౌన్‌ల కూలీలు వందల కిలోమీటర్లు నడిచినప్పుడు కూడా చూపినయి, కానీ వాళ్ల దిక్కు నిలబడి అడిగినోళ్లు తక్కువ. కట్టు ఒక్క తీరుదే, కట్టిన తాడు రంగు వేరు. దీన్ని చూడాలంటే రెండు పేర్లను ఒక పేరు చేయాలె.

మన సాహిత్యం ఎదుగుదలను ఇప్పటిదాక ఎత్తుతో కొలిచింది. బోయి భీమన్న 'పాలేరు' నాటకంల పాలేరు చదివి అధికారి అయితడు. ఆ కాలంల అది పెద్ద ధిక్కారం. దాన్ని చూసి పిల్లలను బడికి పంపిన ఇండ్లు ఉన్నయి, ఆ రుణం మనం మర్చిపోవద్దు. కానీ ఇయ్యాల ఆ కొలత చాలదు. ఒక్కడు అధికారి అయితే వాడ ఎక్కినట్టా? మా వాడల నేను సార్‌ను అయిన, నా ఈడోళ్లు ఇంకా గుంపుల ఉన్నరు. నా జీతంతో మా చెల్లె నర్సింగ్ చదివింది, మా చిన్నాయిన కొడుకు ఐటీఐ చేసిండు. అవతలి ఇంటికి ఆ దారి పోలేదు. రిజర్వేషన్ సర్కారు ఉద్యోగం దాకనే ఉన్నది, ఆ ఉద్యోగాలే తగ్గుతున్నయి, ప్రైవేటుల రిజర్వేషన్ లేదు. ఇట్లాంటప్పుడు ఎక్కిన ఒక్కని కథను ఆదర్శం అని చెప్పి వదిలేస్తే, ఎక్కనోళ్లు సోమరులు అనే మాట దాని వెనుకనే నడిచొస్తది.

అందుకని వలస మీద ఏ కథ వచ్చినా, అది డల్లాస్‌దైనా, భివండీదైనా, మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ మనిషి ప్రయాణానికి పైసలు ఎక్కడివి, భూమివా, అప్పువా, అడ్వాన్సువా? ఇంటికాడ మిగిలినోళ్లల్ల ఎవరి పని పెరిగింది? ఎక్కువసార్లు అది ఆడోళ్లదే. మా నాయినమ్మ లేకుంటే నాకు బడి లేదు, అయినా ఏ వలస కథల ఆమె పని లెక్కకు రాలేదు. మూడోది, ఈ మనిషి తిరిగొచ్చినప్పుడు ఊరు అతన్ని ఏ గడప దాక రానిచ్చింది? ఈ మూడిటికీ జవాబు చెప్పని కథ ఎంత అందంగ ఉన్నా సగం కథనే. జవాబు చెప్పిన కథను ప్రవాస సాహిత్యం అనండి, వలస సాహిత్యం అనండి, నాకు పట్టింపు లేదు.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెండ్లకూ చివరగ ఒక్క మాట. మీల కొందరు రేపు విమానం ఎక్కుతరు, ఎక్కాలె కూడ. పోవొద్దని చెప్పే హక్కు మా ఊరికి లేదు, ఊరు మనకు ఏమిచ్చిందని? కానీ పోయేముందు మీ అమ్మానాయినలను కూసోబెట్టి అడగండి. ఏ డ్యాం కాడ పనిచేసిండ్రు, మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చిండు, ఎంత పట్టుకున్నడు, లారీల మీద ఎవరెవరున్నరు, ఎవరు తిరిగి రాలేదు. పేర్లతో, ఊర్లతో, సంవత్సరాలతో రాసుకోండి. మీ పాస్‌పోర్టుల ఆ పేజీ ఉండదు. మీరు రాస్తేనే ఉంటది.